తల్లి దావా, కూతురి పుస్తకం

బానిస కోర్టుకెళ్లి యజమాని మీద కేసు వేయొచ్చా? అమెరికాలోని మిస్సోరీ రాష్ట్రంలో వేయొచ్చు. 1824లో అందుకోసం చట్టమే చేశారు. సెయింట్ లూయిస్ కోర్టు పాత దస్త్రాల్లో ఇలాంటి కేసులు 300కు పైగా ఉన్నాయి. చాలామంది విన్న డ్రెడ్ స్కాట్ కేసు కూడా అక్కడ మొదలైందే. కానీ ఇలా కేసు గెలిచిన మనిషి తన కథ తనే రాసుకున్న పుస్తకం నాకు తెలిసి ఒక్కటే. లూసీ డెలానీ 1891 ప్రాంతంలో అచ్చువేసుకున్న ‘చీకటిలోంచి వెలుగు’. గట్టిగా 70 పేజీలు కూడా ఉండదు.

లూసీ తల్లి పాలీ తన విడుదల కోసం 1839లో కేసు వేసింది. అది తేలకముందే, 1842లో కూతురి తరఫున ఇంకొకటి వేసింది. తీర్పు వచ్చేదాకా ఆ పిల్లని జైల్లో పెట్టారు. 17 నెలలు! చేసిన నేరం, నేను బానిసని కాను అనడం.

చదువుతుంటే నన్ను ఆపింది మాత్రం ఒక తేడా. కోర్టు కాగితాల్లో పాలీ వాదన ఇదీ: యజమాని తనని ఇల్లినాయ్‌లో ఉంచి పని చేయించుకున్నాడు, అది బానిసత్వం నిషేధించిన నేల, కాబట్టి తను స్వతంత్రురాలు. ఆ తర్వాత పుట్టిన లూసీ కూడా అంతే, చట్టం లెక్కలో తల్లి ఎలాగో బిడ్డా అలాగే. కూతురి పుస్తకంలో కథ వేరు. అక్కడ పాలీ పుట్టుకతోనే స్వతంత్రురాలు, ఇల్లినాయ్ నుంచి దుండగులు ఎత్తుకొచ్చి అమ్మేశారు.

ఏది నిజమో తేల్చడం చరిత్రకారుల పని. ఆ కాగితాలు రాసింది లాయర్లు, చట్టానికి పనికొచ్చే మాటల్లో. ఆ లెక్కన పాలీకి స్వేచ్ఛ యజమాని ఏమరుపాటు వల్ల దక్కినట్టు. వాడు ఆ నేల మీదికి తీసుకెళ్లకపోతే ఆమెకు దావానే లేదు. లూసీ కథలో అలా కాదు, మా అమ్మది మీరు దొంగిలించారు, తిరిగిచ్చేయండి అన్నట్టుంటుంది. సాక్ష్యంగా ఇది బలహీనమే కావచ్చు. నాకైతే పుస్తకానికి ప్రాణం అక్కడే ఉంది.

ఇబ్బంది పెట్టే చోటూ ఉంది. 1844లో విచారణ. లూసీ లాయరు ఎడ్వర్డ్ బేట్స్, తర్వాత లింకన్ ప్రభుత్వంలో అటార్నీ జనరల్ అయినాయన. నాకూ బానిసలున్నారు, అయినా స్వేచ్ఛకు హక్కున్న పిల్లని పట్టి ఉంచేంత నీచుణ్ని కాను అన్న అర్థంలో జ్యూరీకి చెప్పాడని లూసీ రాస్తుంది, ఎంతో కృతజ్ఞతతో. ఈ పిల్ల బానిస కాదు సరే, మరి ఆయన ఇంట్లోవాళ్లు? వాళ్లు న్యాయంగానే బానిసలన్నమాట! వాదన మొత్తం నిలబడింది దాని మీదే. దాదాపు యాభై ఏళ్ల తర్వాత రాస్తూ కూడా లూసీ ఈ సంగతి మీద ఒక్క వాక్యం ఖర్చుపెట్టదు. తనని విడిపించిన మాట అది, దాన్ని తప్పుపట్టలేదేమని ఆమెను అడగలేను. చూడనట్టు దాటిపోలేను కూడా.

చివరి పేజీల్లో సంఘాలూ పదవులూ వరసపెడుతుంది. బోరే, దాచడమెందుకు. కానీ వాటికి కాస్త ముందు తండ్రి వస్తాడు. లూసీ చిన్నప్పుడే దక్షిణానికి అమ్ముడుపోయిన మనిషి. అంతర్యుద్ధం ముగిశాక ఆచూకీ కనుక్కుని పిలిపించుకుంది. అప్పటికి పాలీ లేదు. ఉండిపొమ్మంటే ఆయన ఉండలేదు, ఇన్నేళ్లూ తను బతికిన చోటికే తిరిగెళ్లిపోయాడు. దానికి లూసీ ఇచ్చింది కొద్దిపాటి వాక్యాలే.