గోడ సందుల్లో సున్నం

బందరు కోటకు వెళ్తే నా చూపు ముందు ఇటుకల సందుల మీదికే పోతుంది. డచ్చివాళ్లు, ఫ్రెంచివాళ్లు, ఇంగ్లీషువాళ్లు చేతులు మార్చుకున్న కోట అది. 1864 నవంబరు 1 రాత్రి ఉప్పెన బందరులో సుమారు 30 వేల మందిని పొట్టన పెట్టుకుంది. అంత జరిగాక కూడా అక్కడ ఈ మాత్రం గోడలు మిగిలాయంటే, వాటిని కట్టిన చేతులకు దణ్ణం పెట్టాలనిపిస్తుంది.

ఇలాంటి సున్నపు గోడలు రోమన్లూ కట్టారు. కానీ వాళ్లు మన తీరానికి కోటలు కట్టడానికి రాలేదు, సరుకు కోసం వచ్చారు. మొదటి శతాబ్దపు ఓడదారి పుస్తకం ‘పెరిప్లస్’ ఈ సీమను మసాలియా అని పిలిచి, ఇక్కడి సన్నబట్టల గురించి చెప్పింది. వాళ్ల తీరకోట చూడాలంటే ఇంగ్లండులోని రెకల్వర్ పోవాలి. మూడో శతాబ్దం మొదట్లో కట్టిన ఆ కోటలో ఉత్తరపు సగాన్ని సముద్రం కోసుకుపోయింది. మిగిలిన గోడల పైరాళ్లను జనం పీక్కుపోయారు. అయినా లోపలి రాళ్లూ సున్నమూ కలిసిన ముద్ద నిలబడే ఉంది.

రోమన్ వాస్తుకారుడు విట్రూవియస్ ఏటి ఇసుకో సముద్రపు ఇసుకో వాడితే, అందులో మూడో వంతు ఇటుకపొడి జల్లించి కలపమన్నాడు. సున్నం గట్టిపడుతుందట. మన తాపీ మేస్త్రులూ చేసింది అదే. కాల్చిన సున్నాన్ని గుంటలో నానబెట్టి, ఇసుక, ఇటుకపొడి వేసి ఎడ్లగానుగలో వెన్నలా అయ్యేదాకా నూరేవారు. కరక్కాయ, బెల్లం నానిన నీళ్లు పోసేవారు. అదే డంగు సున్నం. విట్రూవియస్ పేరు వినకుండానే వాళ్లకు ఆ కిటుకు తెలుసు. నాకు ఆ పనితనం మీద అంత గౌరవం అందుకే.

వినగడపలో మా పాత ఇంటి గోడ అడుగున చెమ్మ వస్తోందని ఎవరో సిమెంటు పూశారు. డంగు సున్నం చెమ్మను పీల్చి మళ్లీ బయటికి వదిలేస్తుంది. సిమెంటు వదలదు. నీరు లోపలే ఉండిపోయి, అందులోని ఉప్పు పొంగి, ఇటుక పెచ్చులుగా రాలుతుంది. వేలితో గీస్తే ఎర్రపొడి చేతికొచ్చింది. ఉప్పుగాలి కొట్టే బందరులాంటి చోట ఈ పూత ఇంకా ప్రమాదం. పురాతన కట్టడాల బాగుచేత టెండర్లలో డంగు సున్నం తప్పనిసరి చేయాలి, ఆ పని తెలిసిన మేస్త్రికి మంచి కూలి ఇవ్వాలి. పని దొరక్కపోతే వాళ్ల పిల్లలు గానుగ ముఖం ఎందుకు చూస్తారు?

మా గోడకు సిమెంటు చెక్కించేశాం. ఇటుక ఆరడానికి ఈ వేసవంతా వదిలేశాం. సున్నం గుంటలో నానుతోంది. తొలకరి లోపు పూత అయిపోవాలి.