నది ఎవరి భార్య?

తొమ్మిదో తరగతిలో ఒకరోజు పర్యాయపదాలు చెబుతున్నాం. రాజుకు భూపతి, మహీపతి. సముద్రానికి నదీపతి, సరిత్పతి. పతి అంటే ఏలేవాడు, భర్త అని రెండర్థాలూ బోర్డు మీద రాశాం. చెరకు నరికే ఇంటి పిల్ల ఒకతి లేచి, "సార్, నదికి గూడ మొగడుండాల్నా?" అంది. తరగతంతా నవ్వింది. మేమూ నవ్వాం. ఇంటికి వెళ్ళాక ఆలోచనలో పడ్డాం. ఇన్నేళ్ళుగా ఈ మాటలు చెబుతున్నా ఆ ప్రశ్న మాకెప్పుడూ తట్టలేదు.

ఈ మాటలు మన దాకా వచ్చిన దారి చూద్దాం. గొప్ప ప్రబంధాలు పుట్టింది 16వ శతాబ్దంలో. అవి అచ్చు పుస్తకాలై చదువుకునేవాళ్ళ చేతికి వచ్చింది మాత్రం 19వ శతాబ్దంలో. సి.పి. బ్రౌన్ పండితులను పెట్టి పరిష్కరింపజేసిన కావ్యాల్లో వసుచరిత్ర ఒకటి. ఆ శతాబ్దపు పద్యకవులు చాలామంది ప్రబంధాలనే ఒరవడిగా పెట్టుకున్నారు. నగరం, సముద్రం, కొండ, ఋతువులు, చంద్రోదయం అంటూ పద్దెనిమిది వర్ణనల పట్టిక ఉండనే ఉంది. 1874లో ధవళేశ్వరంలో బాలికల పాఠశాల పెట్టిన వీరేశలింగం కూడా తొలినాళ్ళలో ఆ ధోరణిలోనే పద్యాలు రాశాడు. ఆడపిల్లకు బడి తెరిచినా, పద్యంలోని నదికి పతి అలాగే ఉండిపోయాడు.

వసుచరిత్ర కథనే తీసుకుందాం. శుక్తిమతి అనే నదిని కోలాహలమనే కొండ మోహించి అడ్డగిస్తుంది. వసురాజు కొండను కాలితో తన్ని నదికి దారి ఇస్తాడు. ఆ నదికీ కొండకూ పుట్టిన గిరికనే రాజు పెళ్ళాడతాడు. రామరాజభూషణుడి పద్యాల నాదం, శ్లేష ఎంత చెప్పినా తక్కువే. దాన్ని మేము కాదనం. కానీ కథను నది వైపు నిలబడి చదవండి. బలవంతం చేసినవాడు మగవాడు, విడిపించినవాడు మగవాడు. విడిపించినవాడి ఇంటికే నది బిడ్డ వెళ్ళింది. కొండ చేసింది తప్పని కథ ఒప్పుకుంటుంది. రాజు చేతికి దక్కినదాన్ని మాత్రం పెళ్ళి అంటుంది.

బోధన్ వాళ్ళకు ఈ కథ కొత్తది కాదు. మన మంజీరనూ అడ్డగించారు. 1923లో మొదలుపెట్టి 1931 నాటికి నిజాంసాగర్ కట్టారు. ఆ నీటితో చెరకు పెరిగింది, 1937లో చక్కెర ఫ్యాక్టరీ వచ్చింది, 2015 చివర్లో మూతపడింది. ఆనకట్టకూ ఫ్యాక్టరీకీ పాలకుడి పేరే. నీటితో కూడు దొరికిన మాట నిజమే. అయినా నదిని ఏలవలసిన ఆడదిగా చూసే చూపు పద్యంలోనే ఆగిపోదని ఈ పేర్లే చెబుతాయి.

చెరకు సంగతీ అంతే. కావ్యాల్లో చెరకు మన్మథుడి విల్లు. ఆ విల్లు వర్ణించిన పద్యాలు ఎన్నో. కానీ చెరకు తోటలో ఆకు అంచు చేతులను కోస్తుంది. పొద్దు పొడవకముందే వెళ్ళి, గడల ఆకు దూసి, మోపు కట్టి తలకెత్తుకునే ఆడమనిషి ఆ పద్యాల్లో కనిపించదు. కావ్యాల్లో ఆడవాళ్ళు పూలు కోసేది ఆటకు. మన ఇళ్ళలో ఇప్పపూలు ఏరేది కడుపు కోసం. ప్రకృతిని ఆడదాన్ని చేసిన కవికి, ప్రకృతిలో పనిచేసే ఆడది కనబడలేదు. మాకు బాధ కలిగించేది ఇదే.

వ్యాకరణం కూడా ఇదే చూపిస్తుంది. చిన్నయసూరి 1858 నాటి బాలవ్యాకరణంలో స్త్రీలు, పశుపక్ష్యాదులు, జడాలు కాని వాటిని చెప్పే మాటలను మహత్తులన్నాడు. వాడు వచ్చాడు అంటాం. ఆమె వచ్చింది, ఆవు వచ్చింది, వాన వచ్చింది అంటాం. ఈ తీరు సూరి పుట్టించింది కాదు, భాషలో ఉన్నదానికి ఆయన సూత్రం కట్టాడు. బహువచనంలో మాత్రం ఆడవాళ్ళూ "వచ్చారు" అనే అంటాం, ఆవులైతే "వచ్చాయి". నలుగురు ఆడవాళ్ళు కలిస్తే వ్యాకరణమూ దారి ఇస్తుందని ఆ పిల్లకు మర్నాడు చెప్పాం.

తప్పంతా పండితులదే అనుకుంటే మనల్ని మనం మోసం చేసుకున్నట్టే. మనమూ అడవితల్లి అని పాడతాం. ఆ తల్లికి మొక్కిన చేతులతోనే ఇంట్లో ఆడమనిషిని నాగలి ముట్టనివ్వం. 2006 అటవీ హక్కుల చట్టం పెళ్ళయినవాళ్ళకు పోడు పట్టా భార్యాభర్తలిద్దరి పేరా ఉండాలంటోంది. మీ ఇంట్లో పట్టా ఉంటే తీసి చూడండి. అమ్మ పేరు ఉందా? లేకపోతే మన పాటకూ ఆ పద్యానికీ తేడా ఎక్కడ?

తోటి ఉపాధ్యాయులకు ఒక్క మాట. పద్యాలు మానేయమని కాదు, ఛందస్సు చెప్పండి, అలంకారం చెప్పండి. దాంతోపాటు చూస్తున్నది ఎవరు, ఏలుతున్నది ఎవరు, పని చేస్తున్నది ఎవరు అనే మూడు ప్రశ్నలూ అడగండి. పిల్లలు జవాబు వెతుక్కుంటారు. మాకు ఆ ప్రశ్న నేర్పింది కూడా ఒక పిల్లే.