సాఫ్ట్‌వేర్ ఆవశ్యకతల యాంత్రిక పరిశీలన: తెలుగు వాక్యం లేవనెత్తే ప్రశ్నలు

1. ప్రవేశిక:

విశాఖపట్నం ఓడరేవు 1933లో ప్రారంభమైంది. అక్కడి ఉక్కు కర్మాగారానికి 1971లో శంకుస్థాపన జరిగింది. ఇటువంటి చోట్ల తూకం, రవాణా, భద్రత వంటి పనులలో నేడు సాఫ్ట్‌వేర్ పాత్ర పెరిగింది. ఆ సాఫ్ట్‌వేర్ ఏమి చేయాలో ముందుగా వాక్యాలలో రాసుకుంటారు. వీటినే ‘ఆవశ్యకతలు’ అంటారు. వాక్యం సందిగ్ధంగా ఉంటే ప్రోగ్రామరు దానిలోని ఒక అర్థాన్ని ఎంచుకుంటాడు. ఆ ఎంపిక చర్చకు రాకుండానే జరిగిపోతుంది. ఇటువంటి లోపాలను యంత్రం ఎంతవరకు పట్టగలదో పరిశీలించడం ఈ వ్యాస లక్ష్యం. ఇందులోని తెలుగు వాక్యాలు ఉదాహరణకై కల్పించినవి.

2. పదపట్టిక పద్ధతి:

నాసా గొడార్డ్ కేంద్రంలో రూపొందిన ‘ఆర్మ్’ పరికరాన్ని విల్సన్, రోజెన్‌బర్గ్, హయట్ 1997లో వివరించారు. ఇది విధిని తెలిపే ‘షల్’, ‘మస్ట్’ వంటి పదాలను, ఐచ్ఛికతను తెలిపే ‘మే’, ‘కెన్’ వంటి పదాలను, ‘అడిక్వేట్’ వంటి బలహీన పదాలను లెక్కిస్తుంది. వందల పుటల పత్రాన్ని అలసట లేకుండా, ఒకే కొలమానంతో చూడగలగడం దీని గుణం. అయితే ఇది కొలిచేది పదాలనే కాని అర్థాన్ని కాదు.

3. తెలుగులో ఎదురయ్యే చిక్కులు:

“గాలి వేగం పెరిగితే క్రేను ఆగవచ్చు” అన్న వాక్యంలో ‘వచ్చు’ అనుమతిని తెలుపుతుందా, సంభావ్యతను తెలుపుతుందా? రచయిత ఉద్దేశం “ఆగాలి” అయితే ఈ వాక్యం ప్రమాదకరమే. పైగా ఎంత వేగమో చెప్పలేదు. “తూకం పూర్తయి ఉండాలి” అన్నది నియమమూ కావచ్చు, ఊహా కావచ్చు. “అన్ని లారీలూ లోపలికి రాకూడదు” అంటే ఒక్కటీ రాకూడదనా, కొన్ని మాత్రమే రావచ్చనా? ఈ చివరి వాక్యంలో బలహీన పదం ఒక్కటీ లేదు. పట్టిక దీనిని నిర్దోషంగా వదిలేస్తుంది.

2009లో రోల్స్ రాయిస్‌కు చెందిన మావిన్ బృందం ప్రతిపాదించిన ‘ఇయర్స్’ పద్ధతి పదాలను వదిలి వాక్యనిర్మాణాన్ని పట్టుకుంది. సంఘటనకు ‘వెన్’, స్థితికి ‘వైల్’ అని వేరుచేసింది. ఇది నిశ్చయంగా ముందడుగే. కాని తెలుగులో రెండింటికీ ‘అప్పుడు’ ఒక్కటే చాలు. “లారీ వచ్చినప్పుడు”, “లారీ కదులుతున్నప్పుడు” అనే వాటి భేదం ‘అప్పుడు’లో లేదు, దాని ముందున్న క్రియారూపంలో ఉంది. కనుక ఆంగ్ల పదపట్టికను అనువదిస్తే చాలదు. ప్రత్యయాలను విడదీసే పదరూప విశ్లేషణ తప్పనిసరి.

4. అనువాదంలో మరుగయ్యే దోషం:

తూకం వేసే కార్మికుడు తన అవసరాన్ని తెలుగులో చెబితే, పత్రం ఆంగ్లంలో తయారయ్యే సందర్భాలున్నాయి. ‘ఆగవచ్చు’ను అనువాదకుడు ‘షల్ స్టాప్’ అని రాసినా, ‘మైట్ స్టాప్’ అని రాసినా సందిగ్ధత అక్కడే ముగుస్తుంది. పరికరం చేతికి వచ్చేది ఆ తరువాతి వాక్యం. అది మొదటి వాక్యానికి మెరుగైన రూపమో, తప్పుడు రూపమో తేల్చే ఆధారం దానికి లేదు.

5. ముగింపు:

యాంత్రిక పరిశీలన మంచి జల్లెడ, తీర్పరి కాదు. తెలుగుకు కావలసినది వాక్యాన్ని సొగసుగా తిరగరాసే పరికరం కాదు. “ఎవరు ఆపాలి? ఏ వేగానికి?” అని అడిగే పరికరం. ఆ ప్రశ్నకు జవాబు క్రేను నడిపే మనిషి దగ్గర ఉంటుంది. అందుచేత మూల తెలుగు వాక్యాన్ని పత్రంలో ఆంగ్లానువాదం పక్కనే భద్రపరచి, రెండింటినీ కలిపి పరిశీలించడం అవసరం.