ఉపాధిని వెదికే విద్య: ప్రవేశపరీక్షల తార్కిక సాధనపై ఒక విమర్శ

వ్యాససంగ్రహం:
మేనేజిమెంటు విద్యాసంస్థల ప్రవేశపరీక్షలలోని క్రిటికల్ రీజనింగ్ ప్రశ్నలకు విద్యార్థులు చేస్తున్న సాధనను ఈ వ్యాసం పరిశీలిస్తుంది. ఆ సాధన వాదాన్ని పరీక్షించడం కంటే ప్రశ్న రకాన్ని గుర్తించడానికే ఎక్కువగా పరిమితమవుతున్నదని చూపుతుంది. న్యాయశాస్త్రంలోని ‘ఉపాధి’ భావన, తెలుగు వాక్యంలోని షరతు రూపాలు ఈ లోపాన్ని పూరించగలవని ప్రతిపాదిస్తుంది.

కీలకపదాలు: క్రిటికల్ రీజనింగ్, ఐసెట్, జీమ్యాట్, వ్యాప్తి, ఉపాధి, షరతు వాక్యం.

1. ఉపోద్ఘాతం

హైదరాబాదు తూర్పుభాగంలో ఐ.ఎస్. సదన్ నుండి కర్మన్‌ఘాట్ వైపు సాగే దారిలో చంపాపేట్ ఉంది. దానికి చేరువలోని దిల్‌సుఖ్‌నగర్ శిక్షణ సంస్థలకు, వసతిగృహాలకు చిరకాలంగా ప్రసిద్ధం. ఎం.బి.ఎ.లో చేరగోరి ఈ ప్రాంతంలో సన్నద్ధమయ్యే విద్యార్థి ముందు భిన్న స్వభావాలున్న పరీక్షలు ఉంటాయి. వాటిలో ఒకటి రాష్ట్రస్థాయి ఐసెట్. ఇందులో 150 నిమిషాలలో 200 ప్రశ్నలకు జవాబులు గుర్తించాలి. విశ్లేషణ సామర్థ్యానికి 75, గణిత సామర్థ్యానికి 75, భావప్రసార సామర్థ్యానికి 50 ప్రశ్నలు కేటాయించారు. మొదటి రెండు భాగాలు తెలుగులోనూ లభిస్తాయి. మూడవది ఆంగ్లంలోనే ఉంటుంది. మరొకటి అంతర్జాతీయ స్థాయి జీమ్యాట్. 2023 నవంబరులో అమలులోకి వచ్చిన రూపంలో దీని భాషావిభాగానికి 45 నిమిషాలు, 23 ప్రశ్నలు. అవన్నీ పఠనావగాహన, క్రిటికల్ రీజనింగ్ అనే రెండు రకాలకే చెందుతాయి.

ఐసెట్ విశ్లేషణ విభాగంలో ‘దత్తాంశ పర్యాప్తత’ ప్రశ్నలు 20 ఉంటాయి. ఇచ్చిన సమాచారం నిర్ణయానికి చాలునా, చాలదా అన్నదే అక్కడ ప్రశ్న. విమర్శనాత్మక ఆలోచనకు ఇది దగ్గరి చుట్టమే. అయితే అక్కడ తూచేది ఎక్కువగా సంఖ్యలను, సంబంధాలను. ఒక వాదాన్ని ముందుంచి దాని బలాబలాలు తేల్చమనే ప్రశ్నలకు ఐసెట్ ప్రణాళికలో ప్రత్యేక స్థానం లేదు. ఫలితంగా తెలుగు విద్యార్థి వాదపరీక్షను ఆంగ్ల ప్రశ్నపత్రాల ద్వారానే, ఆంగ్ల పరిభాషతోనే అభ్యసించవలసి వస్తున్నది.

2. ప్రస్తుత సాధన స్వరూపం

క్రిటికల్ రీజనింగ్ ప్రశ్నలో ఒక చిన్న పేరా, దానిపై ఒక ప్రశ్న, కొన్ని వికల్పాలు ఉంటాయి. వాదాన్ని బలపరిచేది ఏది, బలహీనపరిచేది ఏది, వాదంలో చెప్పకుండా ఊహించుకున్నది ఏది అన్న ప్రశ్నలు వీటిలో ముఖ్యం. ఒక్కొక్క ప్రశ్నకు సగటున రెండు నిమిషాలైనా దక్కవు. ఈ ఒత్తిడిలో కొన్ని సూత్రాలు ప్రచారంలోకి వచ్చాయి: పేరా కంటే ముందు ప్రశ్న చదవాలి, రకాన్ని గుర్తించాలి, ‘అన్నీ’, ‘ఎప్పుడూ’ వంటి తీవ్రపదాలున్న వికల్పాలను తొలగించాలి.

ఇవి నిరర్థకమని అనలేము. కాని ఇవి వాదానికి సంబంధించిన సూత్రాలు కావు, ప్రశ్నపత్రానికి సంబంధించినవి. తప్పిన ప్రశ్నను ‘బలహీనపరిచే రకంలో పొరపాటు’ అని నమోదు చేసుకున్న విద్యార్థికి తాను ఏ అవకాశాన్ని ఊహించలేకపోయాడో తెలియదు. కనుక వంద ప్రశ్నలు చేసినా నూట ఒకటవ వాదం ముందు అతని స్థితి పెద్దగా మారదు.

3. ఉపాధి భావన

ఈ సందర్భంలో 17వ శతాబ్దికి చెందిన అన్నంభట్టు స్మరణీయుడు. ఆంధ్రుడిగా ప్రసిద్ధుడైన ఈ పండితుడు ప్రారంభకుల కోసం ‘తర్కసంగ్రహం’ రచించి, దానికి తానే ‘దీపిక’ అనే వ్యాఖ్య కూర్చాడు. న్యాయశాస్త్రంలో అనుమానానికి ప్రాణం వ్యాప్తి, అంటే హేతువుకూ సాధ్యానికీ ఉండే తప్పని సంబంధం. ఆ సంబంధం నిజానికి మరొక షరతు మీద ఆధారపడి ఉంటే ఆ షరతును ఉపాధి అంటారు. సాధ్యం ఉన్నచోటల్లా ఉండి, హేతువు ఉన్నచోటల్లా ఉండనిది ఉపాధి. ‘నిప్పు ఉంది కాబట్టి పొగ ఉంది’ అనే వాదంలో తడికట్టెతో సంబంధం ఉపాధి. ఎర్రగా కాలిన ఇనుపగుండులో నిప్పు ఉన్నా పొగ లేదు.

ఈ వ్యాసం కోసం కూర్చిన ఒక ఉదాహరణను పరిశీలించవచ్చు: ‘నమూనా పరీక్షలన్నీ రాసినవారికి రాయనివారి కంటే ఎక్కువ మార్కులు వచ్చాయి. కాబట్టి నమూనా పరీక్షలు రాస్తే మార్కులు పెరుగుతాయి.’ ముందునుంచే బాగా సన్నద్ధమైనవారే చివరివరకు నిలిచి అన్ని పరీక్షలూ రాసి ఉండవచ్చు. అలాంటప్పుడు మార్కులకు మూలం పూర్వసన్నద్ధత కావచ్చు. వాదాన్ని బలహీనపరిచే వికల్పం సూచించేది దీనినే. నిర్ణయం అబద్ధమని నిరూపించడం దాని పని కాదు. నవ్యన్యాయం నిశ్చితమైన ఉపాధిని, శంకితమైన ఉపాధిని వేరుచేసింది. బలహీనపరచడానికి శంకితోపాధి చాలు. ఈ భేదం తెలిస్తే, ‘ఇది వాదాన్ని పూర్తిగా ఖండించడం లేదు కదా’ అని సరైన జవాబును వదులుకునే పొరపాటు తగ్గుతుంది.

అయితే ఈ పోలికకు హద్దు ఉంది. న్యాయశాస్త్రం యథార్థజ్ఞానాన్ని కోరుతుంది. ప్రవేశపరీక్ష మాత్రం ఇచ్చిన ఆధారవాక్యాలను నిజమని అంగీకరించి, వాటినుండి నిర్ణయానికి సాగిన అడుగును మాత్రమే పరీక్షించమంటుంది.

4. తెలుగు వాక్యంలోని తర్కం

విద్యార్థులను తరచు తికమకపెట్టేది చాలిన షరతుకూ తప్పనిసరి షరతుకూ ఉన్న తేడా. తెలుగులో ఈ తేడా క్రియారూపంలోనే కనిపిస్తుంది. ‘చదివితే గెలుస్తాడు’ అన్నప్పుడు చదువు గెలుపుకు చాలు. ‘చదివితేనే గెలుస్తాడు’ అన్నప్పుడు చదువు తప్పనిసరి, చాలునో లేదో చెప్పలేదు. ‘చదివినా గెలవడు’ అన్నప్పుడు ఆ సంబంధమే తెగిపోయింది. నిత్యవ్యవహారంలో ‘చదివితే’ అన్న మాటను ‘చదివితేనే’ అని అర్థం చేసుకోవడం సాధారణం. ఆ అలవాటే పరీక్షలో తప్పుదారి పట్టిస్తుంది. ఆంగ్ల పేరాలోని షరతును ఈ మూడు రూపాలలో ఒకదానిలోకి మార్చుకోవడం అభ్యాసంగా పెట్టుకుంటే, తెలుగు మాధ్యమంలో చదివినవారికి మాతృభాష అడ్డంకి కాక ఆలంబనమవుతుంది.

5. ప్రశ్నపత్రం వెలుపల

ఈ సాధనకు అసలు పరీక్ష రహదారి పక్కనే ఉంది. ర్యాంకులు పొందినవారి ఛాయాచిత్రాలతో వెలసే ప్రకటన ఫలకం స్వయంగా ఒక వాదం: ‘వీరు మా విద్యార్థులు, వీరికి ర్యాంకులు వచ్చాయి, కాబట్టి మా బోధనే కారణం.’ చేరినవారు మొత్తం ఎందరు? ప్రతిభావంతులనే ఎంపిక చేసి చేర్చుకున్నారా? వారు పూర్తి శిక్షణ పొందారా, ఇంటర్వ్యూ మార్గదర్శనం మాత్రమే పొందారా? ఇవన్నీ ఉపాధిని వెదికే ప్రశ్నలు. కేంద్ర వినియోగదారుల పరిరక్షణ ప్రాధికార సంస్థ 2024 నవంబరులో శిక్షణరంగ ప్రకటనలపై మార్గదర్శకాలు జారీచేసింది. విజేత చిత్రంతో పాటు అతను చదివిన కోర్సు ఏది, ఎంతకాలం, రుసుము చెల్లించాడా అన్న వివరాలు ప్రకటించాలని వాటి ఆదేశం. తార్కికంగా చూస్తే ఉపాధిని దాచవద్దన్నదే దాని సారం. కుటుంబం కూడబెట్టిన సొమ్మును రుసుముగా చెల్లించబోయే విద్యార్థి ఆ ఫలకాన్ని ప్రశ్నించలేకపోతే, అతను చేసిన సాధన విమర్శ అనిపించుకోదు.

6. ముగింపు

సాధన పద్ధతిలో స్వల్పమైన మార్పు చాలు. వికల్పాలను మూసిపెట్టి, వాదంలోని నిర్ణయమేదో, హేతువేదో తెలుగులో ఒక్కొక్క వాక్యంగా రాయాలి. హేతువు ఉండి నిర్ణయం నిలవని సందర్భాన్ని ఒకదాన్ని ఊహించాలి. ఆ తరువాతే వికల్పాలు చూడాలి. తప్పిన ప్రశ్న పక్కన రకం పేరు బదులు తాను చూడలేకపోయిన ఉపాధిని నమోదు చేసుకోవాలి. మొదట్లో ఇది నిదానంగా సాగుతుంది. వేగాన్ని తరువాత అలవరచుకోవచ్చు. ఐసెట్ విశ్లేషణ విభాగంలో వాదపరీక్షకు తెలుగులో కొన్ని ప్రశ్నలు చేర్చడం కూడా ఆలోచించదగినది. అప్పుడు తర్కాన్ని మాతృభాషలో అభ్యసించవలసిన అవసరం విద్యార్థికే కాక, బోధించే అధ్యాపకునికీ ఏర్పడుతుంది.