గడ్డికప్పు నేసే చేయి

ఇంగ్లండు పల్లెల్లో పాత పబ్బుకు వెళ్లినవాళ్లు బీరునూ, నల్లబడ్డ దూలాలనూ పొగుడుతారు. నా దండం మాత్రం పైకప్పు నేసినవాడికి. డెవాన్ వైపు గోధుమ గడ్డిని కట్టలుగా పరిచి, హేజెల్ బద్దను నడుమ మెలితిప్పి, తలపిన్నులా వంచి గుచ్చుతాడు. మెలిక పడితేనే బద్ద విరగకుండా వంగుతుంది. వాలు దాదాపు 50 డిగ్రీలుండాలి, తగ్గితే నీళ్లు దిగుతాయి. అడుగు పొరలు గట్టిగా ఉంటే పీకడు, వాటిమీదే కొత్తది నేస్తాడు. అందుకే కొన్ని కప్పుల అడుగున పొగగొట్టాలు లేని కాలపు మసిగడ్డి ఇంకా ఉంది! నడికొప్పు మాత్రం 10, 15 ఏళ్లకోసారి మార్చాల్సిందే. చూరు గోడను దాటి బాగా ముందుకొస్తుంది కాబట్టి వాననీటి గొట్టాలతో పనిలేదు. లోపల కూర్చున్నవాళ్లకు చలికాలం వెచ్చన, ఎండాకాలం చల్లన. ఖర్చంటారా, అది పబ్బు యజమానినే అడగాలి.