చెప్పేవాడి జేబులో ఏముంది?

మా విజయనగరంలో గంటస్తంభం దగ్గర టీ కొట్టుకెళ్తే షేర్ల సలహాలకి కొదవుండదు. "కొనీ బావూ, సిరిమానోత్సవం నాటికి డబులైపోద్ది" అంటారు. నేనడిగేది ఒక్కటే: "నువ్వెన్ని కొన్నావేటి?" చాలామంది టీ గ్లాసులోకి చూస్తారు. ఈ ప్రశ్ననే ఒక దినపత్రిక పునాదిలో వేసిన తెలుగువాడు రాజు నరిసెట్టి.

హేతువాద రచయిత నరిసెట్టి ఇన్నయ్య గారబ్బాయి. ఆధారమేదని అడగడం ఇంట్లోనే అబ్బి ఉండాలి. హైదరాబాద్ నుంచి ఆనంద్‌లోని గ్రామీణ నిర్వహణ విద్యాసంస్థ ఇర్మాకి, ఎకనామిక్ టైమ్స్‌కి, అక్కణ్ణుంచి అమెరికా వెళ్లి వాల్‌స్ట్రీట్ జర్నల్‌లో చేరారు. ఐబీఎం గురించి రాశారు, సబ్బుల కంపెనీ ప్రాక్టర్ అండ్ గాంబుల్ గురించి రాశారు. 1997 జనవరి నాటి ఒక కథనం చూడండి. ఒకే సరుకులో ఇన్ని రకాలేమిటని షాపులో జనం తికమక పడుతున్నారని గ్రహించి, ఆ సబ్బుల కంపెనీ తన అమ్మకాల తీరే మార్చుకోవడం అందులో విషయం. లాభనష్టాల పట్టీ వెనకాల అల్మరా ముందు నిలబడ్డ కొనుగోలుదారు కనిపిస్తాడు. అదీ పనితనం.

వాల్‌స్ట్రీట్ జర్నల్‌కో పాత మచ్చ ఉంది. 'హర్డ్ ఆన్ ద స్ట్రీట్' అనే షేర్ల శీర్షిక రాసే ఫాస్టర్ వైనన్స్, రేపు ఏం రాయబోతున్నాడో ముందే ఒక బ్రోకర్ చెవిన వేసేవాడు. 1984లో ఉద్యోగం పోయింది, తర్వాత శిక్ష పడింది, 1987లో సుప్రీంకోర్టు దాన్ని ఖాయం చేసింది. ఈ అనుభవం ఉన్న న్యూస్‌రూంలోనే నరిసెట్టి పదమూడేళ్లు పనిచేశారు.

2007 ఫిబ్రవరి 1న హిందుస్తాన్ టైమ్స్ సంస్థ నుంచి ఆయన సంపాదకత్వంలో 'మింట్' వచ్చింది. బెర్లినర్ సైజు, మారియో గార్సియా రూపకల్పన. చేతిలో మడతపెట్టుకుంటే బస్సులో పక్కవాడి మొహానికి తగిలేది కాదు. అందరూ ఆ అందాన్నే మెచ్చుకున్నారు. నాకు మాత్రం, విలేకరుల ప్రవర్తనా నియమావళిని పాఠకుల ముందే పెట్టడం ఎక్కువ నచ్చింది. మరో పత్రికాసంస్థ మీద వార్త రాస్తే, మా యాజమాన్యం వాళ్లకి పోటీదారు సుమా అని చివర్లో ఒక పంక్తి ఉండేది. పెళ్లి సంబంధం చెబుతూ, అబ్బాయి మా మేనల్లుడేనండీ అని ముందే ఒప్పుకున్నట్టు!

అందులో 'మార్క్ టు మార్కెట్' శీర్షిక కూడా ఈ మర్యాదలోనే నడిచింది. లాభం పెరిగింది, షేరు పడింది, ఎందుకు? పెరుగుతుందన్న ఆశ ధరలో అప్పటికే కలిసిపోయింది గనక. ఆ శీర్షిక ఈ లెక్క చూపించేది. కొను, అమ్ము అని మన చెయ్యి పట్టుకు లాగేది కాదు. మన తెలుగు పేజీల్లో టార్గెట్, స్టాప్‌లాస్ అంకెలు దండిగా ఉంటాయి గానీ అలా విప్పి చెప్పడం తక్కువ. ఇక చెప్పేవాడి జేబు సంగతికొస్తే, సలహా ఇచ్చే విశ్లేషకులు తమ వాటాలేమిటో చెప్పాలని మార్కెట్ నియంత్రణ సంస్థ సెబీ నిబంధన పెట్టింది 2014లో.

నరిసెట్టి రెండేళ్లయినా తిరక్కుండా మింట్ వదిలేశారు. తర్వాత వాషింగ్టన్ పోస్ట్, గిజ్‌మోడో, కొలంబియా, మెకిన్సీ. పెద్ద కుర్చీలే. నేను మాత్రం ఇప్పటికీ ఏ మార్కెట్ వ్యాసమైనా అడుగు నుంచే మొదలుపెడతాను, ఆ చిన్నక్షరాల పంక్తి ఉందేమోనని.