పడుద్ది, పడేట్టుంది, పడుద్దంట

రేపటి గురించి చెప్పడానికి ఇంగ్లీషులో చాలా మాటలున్నాయి: ప్రిడిక్షన్, ఫోర్‌కాస్ట్, ప్రాఫెసీ, ఆగరీ. మన అనువాదాల్లో ఇవన్నీ దాదాపు రెండు మాటల్లోనే సర్దుకుంటాయి: జోస్యం, అంచనా. అందుకని తెలుగులో మాటలు చాలవనేవాళ్లున్నారు. నేను ఒప్పుకోను.

ముందు ఇంగ్లీషు సంగతి చూద్దాం. ఆ మాటల మధ్య అసలు తేడా, చెప్పేవాడు దేన్ని ఆధారం చేసుకున్నాడన్నదే. ఆగర్ అంటే పక్షుల తీరు చూసి శకునం చెప్పే రోమన్ పూజారి. కోడిపందెం మీద రాజ్యం పోయిన పల్నాటి కథ విన్నవాళ్లకి, కుక్కుటశాస్త్రం తిరగేసే పందెంరాయుళ్లని చూసినవాళ్లకి ఇదేం వింత కాదు. ప్రాఫెసీకి దైవం ఆధారం. ఇక ఫోర్‌కాస్ట్‌ని వాతావరణానికి వాడుక చేసింది బ్రిటిష్ నౌకాదళాధికారి రాబర్ట్ ఫిట్జ్‌రాయ్. ఆయన సూచనలు 1861లో లండన్ టైమ్స్‌లో రావడం మొదలైంది. ఇవి ప్రాఫెసీలూ కావు, ప్రిడిక్షన్లూ కావు, లెక్కగట్టి చెప్పే అభిప్రాయాలు అని ఆయన వాదన. అభిప్రాయం అన్నాక తప్పొచ్చు కూడా.

మా సాఫ్ట్‌వేర్ వాళ్లం ఈ తేడాల్ని చెరిపేశాం. ఫొటోలో ఉన్నది పిల్లో కుక్కో మోడల్ చెప్పినా అది ప్రిడిక్షనే. అందులో రేపటి ఊసే లేదు.

మరి తెలుగు? నాయకుడు తమదే గెలుపంటే పత్రికలు "జోస్యం చెప్పారు" అని రాస్తాయి, కాస్త వెటకారం కలిపి. సోది ఎరుకలసాని దగ్గర్నుంచి మన మీటింగుల్లోకి వచ్చిపడింది. కాలజ్ఞానానికి గౌరవం తగ్గలేదు గానీ, "బ్రహ్మంగారు ఎప్పుడో చెప్పారు" అని ఏదైనా జరిగాకే అనుకుంటాం.

నామవాచకాల్లో వెతికితే దొరికేది ఇంతే. క్రియల చివర వెతకాలి. మా నరసరావుపేట వైపు "వాన పడుద్ది" అంటే నమ్మకం. "పడొచ్చు" అంటే అవకాశం. "పడేట్టుంది" అంటే మబ్బు కళ్లముందుంది. "పడుద్దంట" అంటే ఎవరో చెప్పారు, పూచీ నాది కాదు. ఆధారమేంటో, బాధ్యత ఎవరిదో ఆ చిన్న తోకే చెప్పేస్తుంది.

వాతావరణ శాఖ బులెటిన్‌లో "లైక్లీ" అని ఉన్నది మన హెడ్డింగుల్లో "కురుస్తాయి" అయినప్పుడు పోయేది ఆ తోకే. కల్లంలో మిరపకాయలు ఆరబోసిన రైతుకి ఇది వ్యాకరణం గొడవ కాదు. "పడుద్ది" అంటే రాత్రికి రాత్రి కూలీల్ని పిలిచి కాయలు కుప్పజేసి పట్టలు కప్పాలి. తడిస్తే రంగు పోతుంది, రేటూ పోతుంది. రెండుసార్లు ఉత్తుత్తి పరుగులు పెట్టినవాడు మూడోసారి కదలడు. ఆ మూడోసారే వాన పడితే?

ఫోర్‌కాస్ట్‌కి కొత్త సమాసం పుట్టించే ముందు, అనువాదకులు ఆ కల్లం దగ్గర మాట్లాడుకునే తెలుగు వింటే చాలు. ఫిట్జ్‌రాయ్ పట్టుబట్టిన తేడా అక్కడ వాడుకలోనే ఉంది.